జోనింగ్ చట్టాలు ఏ కుటుంబానికి ఇల్లు కడుతున్నాయి?

జోనింగ్, సెట్‌బ్యాక్, మాస్టర్ ప్లాన్ లాంటి మాటలు వినబడగానే మన స్త్రీల సంఘాల్లో చాలామందికి ఆసక్తి పోతుంది. అవి ఇంజినీర్లు, బిల్డర్లు, టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ఫైళ్ళు కదిపేవాళ్ళు చూసుకోవలసిన విషయాలని అనుకుంటాం. గృహహింస, కనీస వేతనం, ఆస్తి హక్కు - ఇవి మన విషయాలు. ఒక స్థలంలో ఎన్ని ఇళ్ళు కట్టవచ్చు, ఎన్ని కార్లకు చోటు వదలాలి అన్నవి మనవి కావు. ఈ అభిప్రాయాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఒక స్త్రీ ఎవరితో కలిసి బతకవచ్చు, ఏ పేటలో ఉండి పనికి వెళ్ళిరావచ్చు, ఇంట్లోనే ఏ పని చేసుకుని నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు, ముసలితనంలో ఎవరి పంచన చేరవచ్చు అన్నవాటిని పెళ్ళి చట్టాలు, వారసత్వ చట్టాలు ఎంతగా శాసిస్తున్నాయో స్థలాల చట్టాలూ అంతగానే శాసిస్తున్నాయి. కాకపోతే ఈ చట్టాల్లో స్త్రీ అన్న మాట ఎక్కడా కనబడదు. అందుకే మన కళ్ళుగప్పి తప్పించుకోగలుగుతున్నాయి.

దీన్ని అమెరికా నగరాల ఉదాహరణతో చెప్పదలుచుకున్నాను. ఎందుకంటే జోనింగుకి అక్కడ నూరేళ్ళ చరిత్ర ఉంది, కోర్టు తీర్పులున్నాయి, దాని మంచిచెడ్డలు రెండూ బాగా పండి కనిపిస్తాయి. ఇప్పుడు అక్కడ పెద్ద వాదం నడుస్తోంది. విశాలమైన స్థలం మధ్యలో ఒక్క కుటుంబానికి ఒక్క ఇల్లు అనే పాత పద్ధతి కొనసాగాలా? లేక అదే స్థలంలో మూడో నాలుగో ఇళ్ళు, గోడకు గోడ ఆనించో మధ్య సన్నటి సందు వదిలో, రెండు మూడంతస్తులుగా కట్టుకోనివ్వాలా? వీటినే టౌన్‌హౌసులంటారు. మినియాపొలిస్ నగరం 2018లో, ఓరెగాన్ రాష్ట్రం 2019లో, కాలిఫోర్నియా 2021లో పాత పద్ధతిని సడలించాయి. వద్దనేవాళ్ళు ఇళ్ళ యజమానులు. వాళ్ళకి తమ వీధి పరువు, తమ ఇంటి ధర ముఖ్యం. కావాలనేవాళ్ళలో ఎక్కువమంది, నియమాలు తీసేస్తే మార్కెట్టే అందరికీ ఇళ్ళు చూపిస్తుందని నమ్మేవాళ్ళు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఇద్దరూ ఇళ్ళ గురించి మాట్లాడుతున్నారు తప్ప, ఆ ఇంట్లో ఎవరుంటారని చట్టం ఊహించుకుందో ఆ ఊహను ముట్టుకోవడం లేదు.

ఆ ఊహ ఎక్కడినుంచి వచ్చింది? 1917లో అమెరికా సుప్రీంకోర్టు, నల్లవాళ్ళు ఫలానా వీధుల్లో ఉండకూడదని నగరాలు చట్టం చేయడం చెల్లదని తీర్పు చెప్పింది. కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నగరం కేసది. జాతి పేరు చెప్పి మనుషుల్ని వెలివేసే దారి అలా మూసుకుపోయింది. కానీ గజాల పేరు చెప్పే దారి తెరిచే ఉంది! ఓహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ శివారున యూక్లిడ్ అని ఒక ఊరుంది. 1922లో ఆ ఊరు తన నేలను రకరకాల జోన్లుగా విడగొట్టింది. ఒక జోన్‌లో విడి ఇళ్ళు, మరో జోన్‌లో అపార్ట్‌మెంట్లు, ఇంకో జోన్‌లో దుకాణాలు, వేరే చోట ఫ్యాక్టరీలు. 1926లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్, విడి ఇళ్ళ మధ్యన అపార్ట్‌మెంటు భవనం పరాన్నజీవి లాంటిదన్నాడు. ఇరుగుపొరుగు ఇళ్ళవాళ్ళు సమకూర్చిన ఖాళీ జాగానీ, అందాన్నీ వాడుకోవడానికి వచ్చి చేరుతుందట.

ఆ రోజుల్లో అమెరికా నగరాల్లో అద్దె గదుల్లో, అపార్ట్‌మెంట్లలో ఉన్నదెవరు? వలస వచ్చిన కార్మిక కుటుంబాలు, ఫ్యాక్టరీల్లో ఆఫీసుల్లో పనికి చేరిన ఒంటరి ఆడపిల్లలు, విధవలు. పరాన్నజీవులంటే వీళ్ళే మరి. ఇదే సదర్లాండ్ మూడేళ్ళ ముందు, 1923లో, వాషింగ్టన్ నగరంలో స్త్రీలకు కనీస వేతనం నిర్ణయించిన చట్టాన్ని కొట్టివేస్తూ తీర్పు రాశాడు. ఓటు హక్కు వచ్చాక స్త్రీలకి ప్రత్యేక రక్షణ అక్కర్లేదని, వేతనం నిర్ణయించడం ఒప్పందాల స్వేచ్ఛలో జోక్యమని వాదించాడు. స్త్రీ కూలి విషయంలో రాజ్యం జోక్యం చేసుకోకూడదు. ఆమె అద్దెకుండే భవనాన్ని మంచి పేటలో కట్టనివ్వకుండా మాత్రం జోక్యం చేసుకోవచ్చు! ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. న్యాయశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో అవి వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి.

ఎన్ని ఇళ్ళు అన్నది తేలాక, ఒక్కో ఇంట్లో ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. 'ఏక కుటుంబ నివాసం' అని రాస్తే చాలదు, కుటుంబమంటే ఏమిటో చెప్పాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని బెల్ టెర్ అనే చిన్న ఊరు, రక్తసంబంధం, దత్తత, వివాహం ఉన్నవాళ్ళే కుటుంబమనీ, అవి లేనివాళ్ళయితే ఇద్దరికి మించి ఒక ఇంట్లో ఉండకూడదనీ రాసుకుంది. ఆరుగురు విద్యార్థులు కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంటే గొడవైంది. 1974లో సుప్రీంకోర్టు ఊరి పక్షాన నిలబడింది. ముగ్గురు స్నేహితురాళ్ళు, ముగ్గురు నర్సులు, భర్తల్ని వదిలి వచ్చి పిల్లలతో కలిసి ఉండాలనుకున్న ముగ్గురు స్త్రీలు - ఆ నిర్వచనం ప్రకారం వీళ్ళెవరూ కుటుంబం కారు.

రక్తసంబంధం ఉంటే సరిపోతుందా అంటే అదీ లేదు. క్లీవ్‌లాండ్ శివారునే ఉన్న ఈస్ట్ క్లీవ్‌లాండ్‌లో ఐనెజ్ మూర్ అనే నల్లజాతి అమ్మమ్మ - మన లెక్కలో నాయనమ్మ - తన కొడుకుతో, ఇద్దరు మనవలతో ఉండేది. మనవలిద్దరూ ఒక కొడుకు పిల్లలయితే ఇబ్బంది లేకపోయేది. కానీ ఒకడు ఇంట్లో ఉన్న కొడుకు బిడ్డ, రెండోవాడు మరో కొడుకు బిడ్డ. ఆ రెండోవాడు తల్లి చనిపోతే పసివాడిగా నాయనమ్మ దగ్గరికి చేరాడు. ఊరి నియమాల ప్రకారం ఆ పిల్లవాడు 'అక్రమ నివాసి'. ఖాళీ చేయించమని నోటీసిచ్చారు. ఆమె పంపనంది. ఐదు రోజుల జైలు, ఇరవై ఐదు డాలర్ల జరిమానా వేశారు! తల్లిలేని మనవణ్ణి సాకినందుకు! 1977లో సుప్రీంకోర్టు ఆ నియమం చెల్లదంది. అయిదుగురు ఔనంటే నలుగురు కాదన్నారు. ఒక్క జడ్జి అటు ఒరిగి ఉంటే ఆ నాయనమ్మ నేరస్థురాలిగానే మిగిలేది. ఇందులో మరో సంగతీ చెప్పాలి. అప్పటికి ఈస్ట్ క్లీవ్‌లాండ్ నల్లవాళ్ళు అధికసంఖ్యలో ఉన్న ఊరు, దాని పాలనా నల్లవాళ్ళ చేతుల్లోనే ఉంది. కొత్తగా మధ్యతరగతిలోకి వచ్చినవాళ్ళు తమ ఊరి గౌరవం కాపాడుకోవడానికి తెల్లవాళ్ళ కుటుంబ నమూనానే కొలబద్దగా పెట్టుకున్నారు. మన దగ్గర కింది కులాలు పైకి వచ్చే క్రమంలో ముందుగా ఆడవాళ్ళకే హద్దులు గీయడం చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

జోనింగ్ చేసిన మరో పని, ఇంటినీ పనినీ మైళ్ళ దూరంలో పెట్టడం. ఇళ్ళున్న చోట దుకాణం ఉండకూడదు, ఆఫీసుండకూడదు, చాలాచోట్ల పిల్లల్ని చూసుకునే కేంద్రం కూడా ఉండకూడదు. డొలొరెస్ హేడెన్ 1980లోనే, లింగవివక్ష లేని నగరం ఎలా ఉంటుందని ప్రశ్నించి, అమెరికా శివారు ఇల్లు జీతం లేని గృహిణి శ్రమ మీద కట్టినదని విప్పి చెప్పింది. మనవాళ్ళకి ఈ సిద్ధాంతం చదవనక్కర్లేదు. అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళివచ్చిన ఏ తల్లినైనా అడగండి. ఇల్లు బాగుందమ్మా, గుమ్మం దాటితే మనిషి కనబడడు, కొత్తిమీర కావాలన్నా అల్లుడు కారు తీయాలి అంటుంది. అది అల్లుడి తప్పూ కాదు, అమెరికా వాతావరణం తప్పూ కాదు. నూరేళ్ళ కిందట రాసిన జోన్ల తప్పు. ఉద్యోగం చేయడానికి అనుమతి లేని హెచ్-4 వీసా మీద వెళ్ళి, కారు నడపడం వచ్చేదాకా ఆ నాలుగు గోడల మధ్య గడిపిన చదువుకున్న అమ్మాయిల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2015 నుంచి వాళ్ళలో కొందరికి పని అనుమతి దొరుకుతోంది. వీధి చివర దుకాణానికి మాత్రం ఇంకా అనుమతి లేదు.

ఇక హ్యూస్టన్ దగ్గరికి వస్తాను. టౌన్‌హౌసుల సమర్థకులందరూ చూపించేది ఆ నగరాన్నే. హ్యూస్టన్‌కి జోనింగ్ లేదు. 1948లో, 1962లో, 1993లో ఓటర్లు వద్దన్నారు. అయినా నియమాలు లేవనుకోకండి. స్థలాన్ని ఎంత ముక్కలు చేయవచ్చో చెప్పే నియమాలున్నాయి. 1998లో నగరం నడిబొడ్డున, 610 రింగు రోడ్డు లోపల, ఇంటి స్థలం కనీస పరిమాణాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి, కొన్ని షరతులతో, 1,400 దాకా దించారు. మన లెక్కలో 555 గజాల నుంచి 155 గజాలకు. (155 గజాల స్థలాన్ని 'చిన్నది' అనడం విని మన బస్తీల్లో నవ్వుతారు. అది వేరే సంగతి.) 2013లో ఈ సడలింపుని నగరమంతటికీ విస్తరించారు. పాత ఇల్లు ఒకటి కూల్చి అదే స్థలంలో మూడో నాలుగో టౌన్‌హౌసులు కట్టడం మొదలైంది. అలా వేలకొద్దీ లేచాయి. అదే పేటలో పెద్ద స్థలంలో కొత్తగా కట్టే ఇంటికంటే ఇవి చవక. ఒంటరిగా సంపాదించుకునే నర్సో, టీచరో పనికి దగ్గరగా ఇల్లు కొనుక్కోగలిగితే అది చిన్న విషయం కాదు. స్థలాల కనీస పరిమాణాన్ని తగ్గించడాన్ని నేను సమర్థిస్తున్నాను. వీధి పరువు పోతుందని ఏడ్చేవాళ్ళ పక్షాన స్త్రీవాదులు నిలబడడానికి కారణమేమీ లేదు.

కానీ ఆ టౌన్‌హౌస్ ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. నేలంతస్తులో రెండు కార్ల గ్యారేజీ. మెట్లెక్కితే హాలూ వంటగదీ. ఇంకా ఎక్కితే పడకగదులు. కార్లు నేలమీద, మనుషులు గాలిలో! ఎందుకిలా? ఇంటికి రెండు కార్ల చోటు వదలాలని నగర నియమం చెప్పింది కనుక. స్థలం చిన్నది చేశారు గానీ కార్ల లెక్క మార్చలేదు. ఉన్న జాగాలో నేలని కార్లు తీసుకున్నాక మనిషికి మిగిలింది నిచ్చెనే. సరుకుల సంచులు, చంకలో బిడ్డ, బట్టల గంప పట్టుకుని రోజుకి ఇరవై సార్లు ఆ మెట్లెక్కేది ఎవరు? మోకాళ్ళ నొప్పుల తల్లిని తెచ్చి పెట్టుకోవాలనుకున్న కూతురు ఆమెని ఏ అంతస్తులో పడుకోబెడుతుంది? రెండు కార్లు, ఇద్దరు సంపాదనపరులు, మోకాళ్ళు బాగున్న శరీరాలు - ఈ ఇంటి లోపల దాగి ఉన్న కుటుంబమిది. వీధివైపు చూస్తే వరసగా గ్యారేజీ తలుపులు. గుమ్మం లేదు, అరుగు లేదు, కిటికీలోంచి పిల్లల్ని కనిపెట్టి చూసే కన్ను లేదు. చీకటిపడ్డాక ఆ వీధిలో నడిచి వెళ్ళే స్త్రీకి గ్యారేజీ తలుపులు ఏ భరోసా ఇస్తాయి? ఇది సహజమైన రూపమేమీ కాదు. 2023లో హ్యూస్టన్ కొన్ని నియమాలు మార్చి, బాగా చిన్న ఇళ్ళకు ఒక్క కారు చోటు చాలంది, మధ్యలో ఉమ్మడి ముంగిలి చుట్టూ ఇళ్ళు కట్టుకునే పద్ధతికి దారి ఇచ్చింది. నియమం మారితే రూపం మారుతుందని వాళ్ళే ఒప్పుకున్నారన్నమాట. పాతికేళ్ళు పట్టింది.

1998 నాటి సడలింపు ఎలా సాధ్యమైందో కూడా తెలుసుకోవాలి. వద్దనుకున్న వీధులు తప్పుకోవచ్చని చెప్పబట్టి సాధ్యమైంది. వీధిలో స్థలాల యజమానుల్లో తగినంతమంది సంతకాలు పెట్టి దరఖాస్తు చేసుకుంటే, అక్కడి స్థలాల్ని చిన్న ముక్కలు చేయకుండా నగరం కట్టడి చేస్తుంది. ఇవి కాక దస్తావేజుల్లో రాసుకున్న ప్రైవేటు షరతులున్నాయి. ఆ షరతుల్ని ఉల్లంఘించినవాళ్ళ మీద నగర న్యాయవాదే కేసు వేయవచ్చు. సంపన్నుల ప్రైవేటు ఒప్పందానికి ప్రజల ఖర్చుతో కాపలా! సంతకం లెక్కకొచ్చేది యజమానులదే. అదే వీధిలో ఇరవై ఏళ్ళుగా అద్దెకున్న స్త్రీ సంతకానికి విలువ లేదు. ఆస్తి ఎవరి పేరున ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

దస్తావేజుల కోటగోడలు లేని పేటల్లో ఏమైంది? బానిసత్వం నుంచి విడుదలైన నల్లవాళ్ళు 1865 తరవాత వచ్చి స్థిరపడి, తమ చేతులతో ఇటుకలు పరిచి వీధులు వేసుకున్న ఫ్రీడ్‌మెన్స్ టౌన్ హ్యూస్టన్‌లోనే ఉంది. 1985లో దాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. అయినా అక్కడి చిన్న చెక్క ఇళ్ళు ఒకటొకటిగా పోయి చాలాచోట్ల టౌన్‌హౌసులు లేచాయి. రివర్ ఓక్స్ లాంటి ధనికుల పేటకి దస్తావేజుల రక్షణ ఉంది. నియమం ఒకటే అయినా, తప్పుకునే స్తోమత ఉన్నవాళ్ళు తప్పుకున్నారు, లేనివాళ్ళ మీద సాంద్రత వచ్చి పడింది. ఇళ్ళు ఎక్కువైతే ధర అదే దిగుతుందన్న వాదంలో కొంత నిజముంది, కాదనను. కానీ ఆ దిగే ధర ఎప్పుడు, ఏ మెట్టు దాకా దిగుతుంది? ముసలివాళ్ళకి ఇళ్ళకి వెళ్ళి సేవచేసే పనివాళ్ళలో అత్యధికులు స్త్రీలు, నల్లవాళ్ళు, వలసవాళ్ళు. ఆ దిగుడు వాళ్ళ దాకా రావడానికి ముందే వాళ్ళ అద్దె ఇల్లు కూలిపోయింది. ప్రభుత్వం కట్టే, ప్రభుత్వం అద్దె భరించే ఇళ్ళు లేకుండా గజాలొక్కటే తగ్గించి ఊరుకోవడం, రేషన్ షాపు మూసేసి బియ్యం వ్యాపారిని పొగడడం లాంటిది.

ఇళ్ళలో ఏ పని చేయవచ్చన్న విషయంలో మాత్రం ఒక మంచి మార్పు చూశాను. కాలిఫోర్నియాలో 2019లో చేసిన చట్టం ప్రకారం, తన ఇంట్లో పద్నాలుగుమంది దాకా పిల్లల్ని చూసుకునే స్త్రీ నగరం దగ్గర జోనింగ్ అనుమతి తీసుకోనక్కర్లేదు. అంతకుముందు ఎనిమిదిమందికి మించితే నగరాలు అనుమతులు, రుసుములు, ఇరుగుపొరుగు అభ్యంతరాల విచారణలు పెట్టగలిగేవి. పిల్లల ఏడుపు వినబడితే ఇంటి ధర పడిపోతుందనే పెద్దమనుషులు అన్ని దేశాల్లోనూ ఉంటారు.

ఇది మనకెందుకు అనేవాళ్ళు హైదరాబాద్ చుట్టూ ఒకసారి తిరిగిరండి. 2006లో జీవో 86 వచ్చాక స్థలానికి ఇంత కట్టాలన్న నిష్పత్తి పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులే ఎత్తుని నిర్ణయిస్తున్నాయి. 2012 నాటి జీవో 168 కూడా ఆ దారినే నడిచింది. వెడల్పు రోడ్డు మీద పెద్ద స్థలం ఉన్నవాడికి ఆకాశమే హద్దు. ఇరుకు సందులో ఉన్నవాళ్ళకు అన్నీ హద్దులే. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తులోపు ఇంటికి అనుమతి అక్కర్లేదని, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలని చెప్పింది. మంచి నియమమే. బస్తీల్లో గోడకు గోడ ఆనించి కట్టుకునే వరస ఇళ్ళని తప్పుగా చూడని నియమం. కానీ నమోదుకి స్థలం కాగితం కావాలి, అది ఆమె పేరున ఉండాలి. అదే చట్టంలో అతిక్రమణలు జరిగితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఉంది. తన పేరున కాగితం లేని స్త్రీ విషయంలో ఈ రెండు నియమాల్లో ఏది ముందు గుమ్మం తొక్కుతుంది?

మరోపక్క గేటెడ్ కమ్యూనిటీల్లో విల్లాలు, వరస ఇళ్ళు వస్తున్నాయి. హ్యూస్టన్ దస్తావేజుల షరతులకి ఇక్కడి తోబుట్టువు సొసైటీ నియమావళి. ఇంట్లో ట్యూషన్ చెప్పకూడదు, టిఫిన్ సెంటర్ పెట్టకూడదు, పనిమనిషి ఫలానా లిఫ్టే ఎక్కాలి, ఒంటరి ఆడవాళ్ళకి అద్దెకివ్వకూడదు. ఇవి శాసనసభలో ఎవరూ చర్చించి చేసిన చట్టాలు కావు. యజమానుల సంఘం ఒక ఆదివారం సాయంత్రం కూర్చుని చేసినవి. ఈ నియమాల మీద కోర్టుకి వెళ్ళిన ప్రతి స్త్రీకీ మన సంఘాలు తోడుండాలి.

మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలు, సూచనలు పిలవాలని 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంలోనే ఉంది. ఆ అభ్యంతరాలు ఎక్కువగా భూముల యజమానులే పెడతారు, నా పొలాన్ని గ్రీన్ జోన్‌లోంచి తీసేయండి అని. స్త్రీల సంఘాలు కూడా పెట్టాలి. ఇంట్లో నడిపే శిశు సంరక్షణ కేంద్రానికి, కుట్టుపనికి, కర్రీ పాయింటుకి నివాస జోన్‌లో అనుమతి ఉందా? ఉద్యోగినుల హాస్టళ్ళని ఏ జోన్‌లోకి నెట్టారు? కారు లేని ఇంటికి కారు చోటు ఎందుకు వదలాలి? కాలనీ నియమం మార్చేటప్పుడు అద్దెకున్నవాళ్ళ మాట ఎవరు వింటారు? ఇవి రాతపూర్వకంగా అడగాలి. అంతకంటే ముందు, ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉండే ఆ నియమాల ప్రతిని, నిర్వచనాల అధ్యాయంతో పార్కింగ్ పట్టికతో సహా, తెలుగులో ఇమ్మని అడగాలి. గడువు మొదలయ్యేది తెలుగు ప్రతి చేతికందిన రోజు నుంచేనని కూడా అడగాలి.